గుల్లబారిన వెన్నుపూసలో స్క్రూ నిలబడాలంటే: సిమెంట్ చేసే పని, చేయలేని పని

క్లుప్తంగా: ఎముకలు గుల్లబారినవారికి వెన్నెముక ఆపరేషన్ చేసేటప్పుడు స్క్రూ చుట్టూ ఎముక సిమెంట్ నింపితే వెంటనే పట్టు వస్తుంది. అయితే ఆ సిమెంట్ సిరల్లోకి జారే ముప్పు ఉంది, ఇన్ఫెక్షన్ వస్తే దాన్ని తీయడం కష్టం, అసలు జబ్బును అది ముట్టుకోదు కూడా. ఆపరేషన్‌కి ముందే ఎముక బలం కొలిచి, మందులు మొదలుపెట్టి, అవసరమైన స్క్రూలకే సిమెంట్ వాడినప్పుడు దాని మేలు నిలుస్తుంది.

"ఎముక బాగా గుల్లబారింది, ఉత్త స్క్రూలు ఆగవు, సిమెంట్ పెట్టాలి" అని డాక్టర్ అనగానే ఇంటివాళ్లకు ముందు వచ్చేది టెన్షన్. సిమెంట్ అంటే ఇల్లు కట్టేదే గుర్తుకొస్తుంది. ఒంట్లో పెడితే ఏమవుతుంది, తర్వాత తీసేస్తారా, స్క్రూ కూడా ఆగని ఎముకకు ఆపరేషన్ ఎందుకు అని ప్రశ్నలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. కాగితం మీద సంతకం పెట్టే ఆ కాసేపట్లో వీటికి జవాబులు దొరకవు.

డెబ్బై దాటినవాళ్లకూ వెన్నెముక ఆపరేషన్లు మామూలైపోవడంతో ఈ మాట వినే కుటుంబాలు పెరుగుతున్నాయి. నరాలు నొక్కుకుపోయి వీధి చివరిదాకా కూడా నడవలేనివారు, విరిగిన పూస వంగిపోయి కాళ్లలో బలం తగ్గుతున్నవారు ఎముక బాగుపడేదాకా ఆగలేరు. ఆపరేషన్ తప్పదు, ఎముకేమో స్క్రూని పట్టుకునే స్థితిలో లేదు. సిమెంట్ ఆలోచన పుట్టింది ఈ ఇరకాటంలోంచే.

## స్క్రూకి పట్టు ఎక్కడ దొరుకుతుంది

వెన్నుపూస ముందు భాగం చిన్న డబ్బాలా గుండ్రంగా ఉంటుంది. బరువులో ఎక్కువ భాగం మోసేది అదే. వెనక భాగం నరాలను చుట్టి కాపాడే వంపు. ఈ రెండింటినీ కలుపుతూ కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి పొట్టి గొట్టాల్లాంటి ఎముకలు ఉంటాయి. వాటినే పెడికల్స్ అంటారు. వీపు వైపు నుంచి పెడికల్ గుండా పూస ముందు భాగంలోకి స్క్రూ బిగిస్తారు. ఫ్రాన్స్‌కి చెందిన రేమండ్ రాయ్-కామిల్ 1963లో ఈ దారిలో స్క్రూలు వేయడం మొదలుపెట్టారు. ఈ రోజు ప్రపంచమంతా వాడుతున్న పద్ధతికి మూలం అదే.

పై పూసల స్క్రూలనూ కింది పూసల స్క్రూలనూ రాడ్లతో కలుపుతారు. ఇంటి స్లాబు గట్టిపడేదాకా సెంట్రింగ్ మోసినట్టు, పూసలు ఒకదానితో ఒకటి అతుక్కుని ఒకే ఎముకగా మారేదాకా ఈ స్క్రూలూ రాడ్లూ మోయాలి. అందుకు కొన్ని నెలలు, ఒక్కోసారి ఏడాది పడుతుంది. అతుక్కున్న తర్వాత బరువు ఎముకే మోస్తుంది. అతుక్కోకముందే సెంట్రింగ్ కదిలిపోతే మాత్రం ఆపరేషన్ ఫలితమే దెబ్బతింటుంది.

దానం చేసిన దేహాల పూసల మీద జరిగిన ప్రయోగాల్లో, స్క్రూ పట్టులో దాదాపు 60 శాతం పెడికల్ నుంచే వస్తుందని తేలింది. మిగతా పట్టు పూస లోపలున్న జాలీ లాంటి ఎముక ఇస్తుంది. ఆ జాలీలో నిలువు పుల్లలు, అడ్డ పుల్లలు ఉంటాయి. ఎముక గుల్లబారేటప్పుడు ముందు పోయేవి అడ్డ పుల్లలు. వాటి ఆసరా పోయాక నిలువు పుల్లలు సన్నబడి, వంగి, విరుగుతాయి. పెడికల్ గోడ కూడా పలచబడుతుంది. ఇక స్క్రూ మరలు కరుచుకోవడానికి మిగిలేది చాలావరకు మజ్జ, కొవ్వు.

ఇక్కడ ఒక అపోహ ఉంది. స్క్రూ ఊడిపోవడం అంటే వెనక్కి జారి బయటికి రావడమని అనుకుంటారు. అలా జరిగేది తక్కువ. గోడకు బిగిసిన మేకును ఎవరూ నేరుగా లాగరు. పైకీ కిందికీ ఊపి, రంధ్రం వెడల్పు చేసి, అప్పుడు పీకుతారు. వెన్నులో స్క్రూకి జరిగేదీ అదే. లేచినప్పుడు, కూర్చున్నప్పుడు, బాత్రూములో వంగినప్పుడు, అడుగు తీసి అడుగు వేసినప్పుడు స్క్రూ మీద కొద్దికొద్దిగా పైకీ కిందికీ ఒత్తిడి పడుతుంది. రోజుకు కొన్ని వేలసార్లు. ఎముక గట్టిగా ఉంటే ఆ ఊపుకి కదలదు. గుల్లబారి ఉంటే స్క్రూ కొన దగ్గర జాలీ నలిగి, రంధ్రం మెల్లగా గరాటులా విచ్చుకుంటుంది.

ఎక్స్-రేలో ఇది స్క్రూ చుట్టూ సన్నటి నల్లటి గీతలా కనిపిస్తుంది. ఆ గీత ఒక మిల్లీమీటరు దాటితే స్క్రూ వదులైనట్టు అనుమానిస్తారు. కొందరిలో ఏ బాధా ఉండదు. మరికొందరిలో తగ్గిన నొప్పి మళ్లీ మొదలవుతుంది, నడుము ముందుకు వంగుతుంది, ఒక్కోసారి స్క్రూ కొన పూస పైకప్పును చీల్చుకుని డిస్క్‌లోకి వెళ్తుంది. ఎముక గట్టిగా ఉన్నవారిలో స్క్రూలు వదులయ్యేది వందకు ఒకటి నుంచి పదిహేను దాకా అని వేర్వేరు అధ్యయనాలు చెబుతుంటే, గుల్లబారినవారిలో కొన్నింటి లెక్క 60 శాతం దాటింది. వదులైన ప్రతి స్క్రూకీ రెండో ఆపరేషన్ అవసరం కాదు. కానీ డెబ్బై అయిదేళ్ల మనిషికి ఆ రెండోది అవసరమైతే మొదటిదానికంటే చాలా పెద్ద గండం అవుతుంది.

## ఎముక బలం ముందే ఎలా తెలుస్తుంది

స్క్రూ బిగిస్తుండగా "ఎముక మెత్తగా ఉంది" అని సర్జన్ చేతికి తెలియడం ఆలస్యంగా తెలియడమే. అప్పటికి మందులతో ఎముకను సిద్ధం చేసే అవకాశం దాటిపోయి ఉంటుంది.

అందరికీ తెలిసిన పరీక్ష డెక్సా స్కాన్, అంటే ఎక్స్-రేతో ఎముక సాంద్రత కొలవడం. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన నిర్వచనం ప్రకారం టీ-స్కోర్ (ఆరోగ్యంగా ఉన్న యువవయసు వారి ఎముకతో పోల్చి ఇచ్చే అంకె) మైనస్ 2.5 లేదా అంతకన్నా తక్కువైతే బోలు ఎముకల జబ్బు. మైనస్ 1కీ మైనస్ 2.5కీ మధ్య ఉంటే ఎముక పలచబడుతున్న దశ. చిక్కేమిటంటే, వెన్నెముక ఆపరేషన్ అవసరమైన పెద్దవయసు వారిలో నడుము దగ్గర తీసిన డెక్సా తరచూ తప్పుదారి పట్టిస్తుంది. అరిగిన పూసల అంచున పెరిగిన ఎముక కొమ్ములు, గట్టిపడిన రక్తనాళం గోడ, అణిగిపోయి దట్టంగా మారిన పూస, ఇవన్నీ లెక్కలోకి వచ్చి స్కోరును పెంచేస్తాయి. కాగితం మీద ఎముక బాగున్నట్టే ఉంటుంది, లోపల జాలీ ఖాళీగా ఉంటుంది. అందుకే తుంటి దగ్గర, వీలైతే ముంజేతి దగ్గర కూడా కొలవాలి.

రెండో దారి సీటీ స్కాన్. ఇది చాలామందికి ఆపరేషన్ ప్లానింగ్ కోసం ఎలాగూ తీస్తారు. సీటీని తయారుచేసి 1979లో నోబెల్ అందుకున్న గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ పేరు మీద హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు వచ్చాయి. నీటికి సున్నా, గాలికి మైనస్ 1000. పూస మధ్యలోని జాలీ మీద కంప్యూటర్‌లో చిన్న గుండ్రటి గుర్తు పెడితే అక్కడి సాంద్రత అంకెల్లో వచ్చేస్తుంది. నడుములోని మొదటి పూసలో ఆ అంకె 110 కంటే తక్కువుంటే గుల్లబారడం దాదాపు ఖాయం. 160 దాటితే ఆ అవకాశం తక్కువ. అంచున పెరిగిన కొమ్ములు ఈ లెక్కలోకి రావు. కొత్త పరీక్ష అక్కర్లేదు, అదనపు రేడియేషన్ లేదు, పైసా ఖర్చు లేదు. ఉన్న సీడీని ఒక్కసారి తెరిచి కొలిస్తే చాలు. అయినా చాలా రిపోర్టుల్లో డిస్క్ గురించీ నరాల గురించీ పేజీ నిండా రాస్తారు, ఈ ఒక్క అంకె మాత్రం ఉండదు. ఇది మారాలి.

తెలుగు ప్రాంతాల్లో మరో సంగతి కూడా గమనించాలి. తాగునీటి ఫ్లోరైడ్ వల్ల ఎముకలు దెబ్బతినడం గురించి మన దేశంలో తొలి వివరాలు 1937లో అప్పటి నెల్లూరు జిల్లా నుంచే వచ్చాయి. ఆ పల్లెల్లో చాలా భాగం ఇప్పుడు ప్రకాశం జిల్లా వైపు ఉన్నాయి. నల్గొండ సంగతి చెప్పనక్కర్లేదు. ఫ్లోరోసిస్ ఉన్న వెన్నెముక స్కాన్‌లో మామూలు కంటే దట్టంగా, తెల్లగా కనిపిస్తుంది. దట్టంగా ఉంది కదా అని గట్టిదనుకోకూడదు. అది పెళుసు ఎముక. తిండిలో కాల్షియం కూడా తక్కువైతే ఆ ఎముకే కొన్నిచోట్ల మెత్తబడి ఉండొచ్చు. ఇలాంటివారి విషయంలో ఏ అంకెనూ ఒంటరిగా నమ్మడానికి లేదు.

ఎండ పుష్కలంగా ఉన్న నేల కాబట్టి మనకు విటమిన్ డి కొరత రాదన్న నమ్మకం కూడా నిలవలేదు. తిరుపతిలోని స్విమ్స్ వైద్యులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో, ఆరోగ్యంగా ఉన్నవారిలోనే పల్లెల్లోనూ పట్నంలోనూ విటమిన్ డి తక్కువగా, తిండిలో కాల్షియం అంతకంటే తక్కువగా కనిపించాయి. దీనికి తోడు మోకాళ్ల నొప్పులకనో ఆయాసానికనో ఏళ్ల తరబడి వాడిన స్టెరాయిడ్ బిళ్లలు. ఆ బిళ్లల సంగతి ఎవరూ అడగరు కాబట్టి పేషెంట్ చెప్పడు.

## ఎముక సిమెంట్ అంటే ఏమిటి

ఇది సున్నపురాయితో చేసే సిమెంట్ కాదు. దీని అసలు పేరు పాలీమిథైల్ మెథాక్రిలేట్, పొట్టిగా పీఎంఎంఏ. కట్టుడు పళ్ల సెట్టులో గులాబీ రంగు చిగురు భాగాన్ని తయారుచేసేది ఈ జాతి పదార్థంతోనే. ప్లెక్సిగ్లాస్ పేరుతో అమ్మే అద్దంలాంటి ప్లాస్టిక్ కూడా ఇదే. 1950ల చివర్లో ఇంగ్లండ్‌లో జాన్ చార్న్‌లీ తుంటి కీలు మార్పిడికి దీన్ని వాడి ప్రసిద్ధిలోకి తెచ్చారు. ఆయన అప్పట్నుంచీ నొక్కి చెప్పిన మాట ఒకటుంది: ఇది జిగురు కాదు. ఎముకకు అంటుకోదు. జాలీ సందుల్లోకి చొచ్చుకుపోయి అక్కడే గట్టిపడి మేళవించుకుంటుంది. టైల్స్ సందుల్లో నింపే గ్రౌట్‌తో దీన్ని పోల్చవచ్చు.

పొడి వేరు, ద్రవం వేరుగా వస్తాయి. పొడిలో ముందే తయారైన పాలిమర్ గింజలు, ఎక్స్-రేలో కనిపించడానికి బేరియం సల్ఫేట్ లేదా జిర్కోనియం డయాక్సైడ్ ఉంటాయి. ద్రవం ఘాటుగా వాసన వేసే మోనోమర్. రెండూ కలిపిన క్షణం నుంచి సమయం లెక్కే. అరిసెల పాకం పట్టినవాళ్లకు ఈ టెన్షన్ బాగా తెలుసు. ముందు నీళ్లలా జారుతుంది, తర్వాత తీగ సాగుతుంది, ఆ తర్వాత ముద్ద కడుతుంది, ఒక్క నిమిషం ఏమరితే రాయి. సర్జన్‌కి కావలసింది ఈ మధ్య దశ, టూత్‌పేస్ట్ ట్యూబులోంచి వచ్చేంత చిక్కదనం. అంతకంటే పలచగా ఉన్నప్పుడు ఎక్కిస్తే రక్తనాళాల్లోకి పారుతుంది. అంతకంటే గట్టిపడితే స్క్రూ లోపలి సన్నటి గొట్టంలోనే అడ్డుపడుతుంది. అందుకే టేబుల్ మీద ఒక చిటికెడు ముద్ద విడిగా ఉంచి, నర్సు దాన్ని వేళ్లతో నొక్కి చూస్తూ ఉంటుంది. థియేటర్ ఏసీ రెండు మూడు డిగ్రీలు అటూ ఇటూ అయినా ఈ నిమిషాలు మారిపోతాయి. వేడి గదిలో త్వరగా గట్టిపడుతుంది, చల్లటి గదిలో ఆలస్యంగా.

## ముందు సిమెంటా, ముందు స్క్రూనా

పాత పద్ధతిలో రంధ్రం చేసి, దానిలో సిమెంట్ నింపి, గట్టిపడకముందే స్క్రూ బిగిస్తారు. ఖర్చు తక్కువ, మామూలు స్క్రూ చాలు. కానీ స్క్రూ దారి కాస్త తప్పినా సరిచేసే సమయం ఉండదు. స్క్రూ లోపలికి వెళ్తూ సిమెంట్‌ను ఎటు నెడుతుందో చెప్పడమూ కష్టం.

ఇప్పుడు ఎక్కువగా వాడేది బోలు స్క్రూ. మధ్యలో సన్నటి గొట్టం, కొనకు దగ్గరగా పక్కలకు చిన్న చిన్న రంధ్రాలు. ముందు స్క్రూలన్నీ బిగించి, సరైన చోట ఉన్నాయో లేదో ఎక్స్-రేలో చూసుకుంటారు. ఆ తర్వాతే స్క్రూ తల నుంచి లోపలికి సిమెంట్ ఎక్కిస్తారు. నడుము పూసల్లో ఒక్కో స్క్రూకి సుమారు 1.5 నుంచి 3 మిల్లీలీటర్లు, వీపు పూసల్లో అంతకన్నా తక్కువ. ఎక్కువ పోస్తే ఎక్కువ బలం అనుకోవడం పొరపాటు. ఒక హద్దు దాటాక పట్టు పెద్దగా పెరగదు, జారే ముప్పు మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

ఈ స్క్రూతో ఒక జాగ్రత్త తప్పనిసరి. మామూలు స్క్రూని మరింత పట్టు కోసం పూస ముందు గోడ దాటించే పద్ధతి ఒకటుంది. బోలు స్క్రూతో ఆ పని అస్సలు చేయకూడదు. కొన బయటికి వస్తే సిమెంట్ నేరుగా పెద్ద రక్తనాళాలున్న చోటికి వెళ్తుంది. పొట్టి స్క్రూ వేసినా ప్రమాదమే. పక్క రంధ్రాలు పెడికల్ దగ్గర ఆగిపోతే సిమెంట్ నరాల గొట్టంలోకి రావచ్చు. అంటే స్క్రూ పొడవు ఎంపికలో వెసులుబాటు కొన్ని మిల్లీమీటర్లే.

సిమెంట్ ఎక్కుతున్నంతసేపూ అందరి కళ్లూ సీ-ఆర్మ్ (థియేటర్‌లోనే ఎక్స్-రే బొమ్మ చూపే యంత్రం) తెర మీదే ఉంటాయి. స్క్రూ కొన చుట్టూ చిన్న మబ్బు ముక్క లాంటి నీడ మొదలై మెల్లగా గుండ్రంగా విచ్చుకుంటే అంతా సవ్యమే. ఆ మబ్బుకి సన్నటి తోక లేచి ముందుకో వెనక్కో పాకితే అది సిరలో పడినట్టు. అక్కడే ఆపేయాలి. కొద్దిసేపు ఆగితే తోక గట్టిపడి దారి మూసుకుంటుంది, అప్పుడు మళ్లీ కొంచెం ఎక్కించవచ్చు. ఈ ఓపిక ఫలితాన్ని తేల్చేస్తుంది.

ప్రయోగశాలలో సిమెంట్ పెట్టిన స్క్రూ పట్టు ఒకటిన్నర నుంచి రెండున్నర రెట్లు, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువే పెరిగింది. మనుషుల్లోనూ వదులయ్యే స్క్రూలు బాగా తగ్గాయని చాలా అధ్యయనాలు చూపాయి. అయితే వాటిలో ఎక్కువ భాగం పాత రికార్డులు తిరగేసి రాసినవి. పేషెంట్లను చీటీ తీసినట్టు రెండు గుంపులుగా చేసి పోల్చిన పరీక్షలు తక్కువ. పట్టు పెరుగుతుందన్నది గట్టి సంగతే. పట్టు పెరిగినంత మాత్రాన పేషెంట్ నొప్పి, నడక, రెండో ఆపరేషన్ అవసరం అంతే మేరకు మెరుగవుతాయని చెప్పడానికి ఆధారాలు అంత గట్టివి కావు.

ప్రతి స్క్రూకీ సిమెంట్ పెట్టాల్సిన పని కూడా లేదు. ఎక్కువ ఒత్తిడి పడేది వరుసలో చివరి స్క్రూల మీద, అన్నింటికంటే పైనున్న పూస, అన్నింటికంటే కిందనున్న త్రికాస్థి. మధ్య స్క్రూలు వాటి నీడలో ఉంటాయి. చాలామంది సర్జన్లు చివరలకే సిమెంట్ పెట్టి ఆపుతారు. ఇది సమంజసమైన లెక్క.

## 2009 వివాదం దీనికి వర్తిస్తుందా

వెన్నుపూసలో సిమెంట్ పనికిరాదని తేలిపోయిందట కదా అని కొందరు అడుగుతుంటారు. ఆ మాటకు మూలం వేరే చికిత్స. 1984లో ఫ్రాన్స్‌లోని అమియెన్స్‌లో గాలిబర్, డెరామండ్ అనే వైద్యులు మెడపూసలోని రక్తనాళాల గడ్డకు సూదితో సిమెంట్ ఎక్కించారు. వెర్టెబ్రోప్లాస్టీ అలా మొదలైంది. తర్వాత అది గుల్లబారి విరిగిన పూసల నొప్పికి విరివిగా వాడుకలోకి వచ్చింది. 2009లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో రెండు పరీక్షలు వచ్చాయి. కొందరికి సిమెంట్ ఎక్కించి, మరికొందరికి ఎక్కించినట్టు నటించి పోలిస్తే నొప్పి తగ్గడంలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. 2016లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన మరో పరీక్షలో, విరిగి ఆరు వారాలు దాటనివారికి మేలు కనిపించింది. వాదన ఇంకా తెగలేదు.

స్క్రూకి సిమెంట్ పెట్టడం ఆ వాదనలో భాగం కాదు. అక్కడ సిమెంట్ ఒంటరిగా నొప్పి తగ్గించాలి. ఇక్కడ సిమెంట్ పని నొప్పి తగ్గించడం కాదు, లోహానికి ఆసరా ఇవ్వడం. కానీ ఆ చరిత్రలోంచి నేర్వాల్సింది ఉంది. వెంటనే కళ్లకు కనపడే బాగు వేరు, పోల్చి చూసి తేల్చిన బాగు వేరు.

## సిమెంట్ జారితే

వెన్నెముక చుట్టూ ఉన్న సిరల వలలో కవాటాలు ఉండవు. రక్తం ఎటైనా ప్రవహించవచ్చు. పూస మధ్యలోంచి బయల్దేరే సిర ఈ వలలో కలుస్తుంది, ఈ వల పెద్ద సిరలతో కలుస్తుంది, అక్కడి నుంచి గుండె, ఊపిరితిత్తులు. పలచటి సిమెంట్ ఈ దారి పట్టిందంటే చిన్న చిన్న ముక్కలు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఇరుక్కోవచ్చు.

ఇది ఎంత తరచుగా జరుగుతుంది అన్నదానికి జవాబు ఎలా వెతికారన్న దాని మీద ఆధారపడుతుంది. మామూలు ఎక్స్-రేతో ఆగిన అధ్యయనాల్లో జారడం తక్కువగా, ప్రతి పేషెంట్‌కీ సీటీ తీసిన అధ్యయనాల్లో చాలా ఎక్కువగా, కొన్నింట సగం మందికి పైగానే కనిపించింది. వీరిలో అత్యధికులకు ఏ ఇబ్బందీ ఉండదు. స్కాన్ తీయకపోతే ఆ ముక్క ఉన్నట్టు కూడా తెలియదు. ఆయాసం, ఛాతీ నొప్పి, నరాల మీద ఒత్తిడి లాంటివి వచ్చేది చాలా కొద్దిమందికే. కానీ వచ్చినప్పుడు అది ప్రాణం మీదకి తేగలదు. అందుకే "జారినా ఏమీ కాదు" అన్న భరోసా సరికాదు, "జారితే అంతే" అన్న భయమూ సరికాదు.

సిమెంట్ ఎక్కించే సమయంలో కొందరికి బీపీ హఠాత్తుగా పడిపోతుంది, ఆక్సిజన్ తగ్గుతుంది. మత్తు డాక్టర్‌కి సిమెంట్ ఎక్కించబోతున్నామని ముందే చెప్పడం మంచి థియేటర్లలో అలవాటు. గుండె, ఊపిరితిత్తులు ముందే బలహీనంగా ఉన్నవారిలో ఒకే రోజు ఎక్కువ పూసలకు సిమెంట్ పెట్టకుండా మొత్తం పరిమాణాన్ని తక్కువలో ఉంచుతారు.

కొన్ని నెలల తర్వాత బయటపడే సమస్య మరొకటి. సిమెంట్ నిండిన పూస చుట్టుపక్కల గుల్లబారిన ఎముక కంటే చాలా బిగువుగా ఉంటుంది. బలహీనత పోలేదు, ఒక మెట్టు పైకి జరిగిందంతే. ఇప్పుడు బరువు దెబ్బ పై పూస మీద పడుతుంది, అది అణిగిపోవచ్చు. ఆపరేషన్ చేసిన చోట స్క్రూలన్నీ చెక్కుచెదరకుండా ఉండి, వాటి పైన కొత్తగా గూను రావడానికి కారణాల్లో ఇది ఒకటి.

## ఇన్ఫెక్షన్ వస్తే, తీయాల్సి వస్తే

సిమెంట్ పెట్టిన స్క్రూని తిప్పి వెనక్కి తీయడం సాధ్యమే. బయటికి వచ్చేది చాలావరకు స్క్రూ మాత్రమే, సిమెంట్ ముద్ద లోపలే ఉండిపోతుంది. ఇన్ఫెక్షన్ లేనప్పుడు అది అక్కడే ఉన్నా నష్టం లేదు. ఇన్ఫెక్షన్ ఉంటే కథ వేరు. రక్తం అందని ఆ ముద్ద మీద సూక్ష్మజీవులు పొర కట్టుకుని కూర్చుంటాయి, మందు అక్కడికి చేరదు. దాన్ని తవ్వి తీయాలంటే మిగిలిన కాస్త ఎముకా పోతుంది.

మన దగ్గర ఇది మరీ ముఖ్యం. పూస అణిగిన పెద్దవయసు మనిషిలో కారణం ఎప్పుడూ గుల్లబారడమే కానక్కర్లేదు. వెన్నెముక క్షయ ఇంకా మన మధ్యే ఉంది. ఎంఆర్ఐలో ఏమాత్రం అనుమానం ఉన్నా ముందు ముక్క తీసి పరీక్షకు పంపాలి. వదులైన స్క్రూ చుట్టూ కొత్త స్క్రూ వేసి సిమెంట్ నింపే ముందు కూడా, అది ఊపు వల్ల వదులైందా, లోలోపల ఇన్ఫెక్షన్ వల్ల వదులైందా అన్నది తేల్చుకోవాలి.

## సిమెంట్ లేకుండా పట్టు, మందుతో పట్టు

స్క్రూ లావు, పొడవు పెంచడం, ముందు చేసే రంధ్రం కొంచెం సన్నగా చేయడం, పెడికల్‌లో గట్టి ఎముకను ఎక్కువగా తాకేలా దారి మార్చడం, ఒకటి రెండు పూసలు అదనంగా కలిపి బరువు పంచడం, కటి ఎముకలోకి స్క్రూ దింపడం, ఇవన్నీ ఉన్న దారులే. లోపలికి వెళ్లాక విచ్చుకునే స్క్రూలూ ఉన్నాయి. ఎముక మధ్యస్థంగా పలచబడిన వారికి ఈ ఉపాయాలే సరిపోవచ్చు. ఒంట్లో క్రమంగా ఎముకగా మారే కాల్షియం ఫాస్ఫేట్ సిమెంట్ వినడానికి ఆకర్షణీయమే గానీ, పీఎంఎంఏ అంత గట్టిగా అది నిలవదు.

మందుల సంగతికొస్తే టెరిపారటైడ్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మిగతా చాలా మందులు ఎముక అరుగుదలను ఆపుతాయి, ఇది కొత్త ఎముకను కట్టిస్తుంది. రోజుకు 20 మైక్రోగ్రాముల ఇంజెక్షన్, ఇన్సులిన్‌లా ఇంట్లోనే చర్మం కింద తీసుకోవచ్చు. జపాన్‌లో జరిగిన అధ్యయనాల్లో, ఆపరేషన్‌కి ముందూ తర్వాతా దీన్ని వాడిన మహిళల్లో పూసలు బాగా అతుక్కున్నాయి, స్క్రూలు వదులవడం తగ్గింది. భారతీయ కంపెనీలూ దీన్ని తయారుచేస్తున్నాయి. ఎముక క్యాన్సర్ ఉన్నవారికి, ఎముకలకు రేడియేషన్ తీసుకున్నవారికి ఇవ్వరు. కోర్సు అయ్యాక అరుగుదలను ఆపే మందు మొదలుపెట్టకపోతే కట్టిన ఎముక మళ్లీ కరిగిపోతుంది. నెలకోసారి ఇచ్చే రోమోసోజుమాబ్ కూడా ఎముకను పెంచుతుంది గానీ, ఇటీవల గుండెపోటు, పక్షవాతం వచ్చినవారికి పనికిరాదు.

ఆపరేషన్ రెండు మూడు నెలలు ఆగగలిగితే ఆ సమయం ఎముకకు ఇవ్వడం అన్నింటికంటే తెలివైన పని. కాలు పడిపోతున్నవారు, మూత్రం మీద అదుపు తప్పుతున్నవారు ఆగకూడదు. వారి విషయంలోనే సిమెంట్ అసలు విలువ తెలుస్తుంది. మందు పనిచేయడానికి పట్టే ఆ నెలల్లో స్క్రూ కదలకుండా అది కాపలా కాస్తుంది. కానీ కాపలా పెట్టి మందు మొదలుపెట్టకపోతే పూసలు అతుక్కునే పని అక్కడే నిలిచిపోతుంది. చివరికి రాడ్ విరగడమో, పక్క పూస కూలడమో జరుగుతుంది.

## సంతకానికి ముందు, డిశ్చార్జ్ తర్వాత

బోలు స్క్రూ ధర మామూలు స్క్రూ కంటే ఎక్కువ. సిమెంట్ ప్యాక్, ఎక్కించే పరికరాలు అదనం. ఎస్టిమేట్‌లో ఇవి విడిగా రాయించుకుని, ఎన్ని స్క్రూలకు వాడబోతున్నారో, ఇన్సూరెన్స్ లేదా ప్రభుత్వ పథకం వీటిని ఇస్తుందో లేదో ముందే కనుక్కోవాలి. దాంతో పాటు అడగాల్సినవి: సీటీలో హౌన్స్‌ఫీల్డ్ అంకె ఎంత వచ్చింది, తుంటి డెక్సా తీశారా, విటమిన్ డి చూశారా, ఆగడానికి వీలుందా. ఈ ప్రశ్నలు డాక్టర్‌ని శంకించడం కాదు. జవాబు సిద్ధంగా ఉన్న డాక్టర్ వీటికి విసుక్కోరు.

డిశ్చార్జ్ కాగితంలో నొప్పి మాత్రలు, యాంటీబయాటిక్, గ్యాస్ బిళ్ల, కుట్లు తీసే తేదీ ఉంటాయి. ఎముక మందు పేరు చాలాసార్లు ఉండదు. సర్జన్ అది ఫిజీషియన్ పని అనుకుంటారు, ఫిజీషియన్‌కి పేషెంట్ వెన్ను ఆపరేషన్ సంగతే తెలియదు. ఈ సందులోనే అంత ఖర్చుపెట్టి నిలబెట్టిన స్క్రూలు ఏడాదికి వదులవుతాయి. తర్వాతి ఎక్స్-రేలకు వెళ్లినప్పుడు పాత ఫిల్ములన్నీ వెంట తీసుకెళ్లాలి. స్క్రూ చుట్టూ నల్ల గీత ఉందా లేదా అన్నది ఒక్క ఫిల్ములో చెప్పడం కష్టం, పక్కపక్కన పెట్టి చూస్తేనే తేలుతుంది.

ఆరు నెలలకోసారి వేసే డెనోసుమాబ్ ఇంజెక్షన్ మొదలుపెట్టినవారికి మరో జాగ్రత్త. బాగానే ఉన్నామని ఒక మోతాదు మానేస్తే, అప్పటిదాకా ఆగిన అరుగుదల ఒక్కసారిగా విజృంభించి ఒకటి కంటే ఎక్కువ పూసలు వరుసగా విరిగిన సందర్భాలు ఉన్నాయి. దీన్ని ఆపాలంటే డాక్టర్‌తో మాట్లాడి, బదులుగా మరో మందుకు మారాలి. తర్వాతి మోతాదు తేదీని ఇంటి క్యాలెండర్ మీద ఇప్పుడే రాసి పెట్టుకోవాలి.